గొట్టం కింద మొనగాళ్ళు

లోకంలో ఉన్న ఏరులన్నిటిలోకీ గవ్వలేరు గొప్పది. దీని ముందు గోదావరి పిల్లకాలవ. సముద్రానికి నీళ్ళు తక్కువైనప్పుడల్లా గవ్వలేటికే కబురు పెడుతుంది.

ఈ మాటలు పోలిగాడివి. పోలిగాడు బొచ్చె చేప, పడుచువాడు, గవ్వలేరు తప్ప ఇంకో ఏరు మొహం చూసినవాడు కాదు. అసలు సంగతేమిటంటే, ఎండాకాలంలో గౌరమ్మ అనే గేదె అడ్డంగా పడుకుందంటే గవ్వలేరు ఆగిపోతుంది. ఆవిడ లేచేదాకా కిందున్న చేపలు నోళ్ళు తెరుచుకుని కూర్చోవాల్సిందే.

ఆ ఏటిలో బొచ్చెలు కాపరముండే మడుగు ఒకటుంది. మడుగుకి పైన ఇరుకుబండ. అంటే రెండు పెద్ద రాళ్ళు, మధ్యలో ఒక సందు. వానలకి ఏరు పొంగితే తప్ప ఆ సందులో చేప ఈదగలిగినన్ని నీళ్ళుండవు. మడుగుకి కింద రాతికట్ట. కట్ట దాటితే పలచటి నీళ్ళు, గులకరాళ్ళు, ఒడ్డున తుప్పలు, తుప్పల్లో నక్క. ఇక మడుగు ఒడ్డునే, ఊరి మురుగు తెచ్చి పోసే సిమెంటు గొట్టం.

ఈ గొట్టం గురించి కాస్త చెప్పుకోవాలి. అందులోంచి గోరువెచ్చటి నీళ్ళు వస్తాయి. వాటితోబాటు అన్నం మెతుకులు, కూర తొక్కలు, పైన తెల్లటి నురగ. కొన్నాళ్ళు నీళ్ళు నీలంగా ఉంటాయి, కొన్నాళ్ళు గులాబీ రంగులో ఉంటాయి. ఊళ్ళో చీరలకి అద్దకం వేసే షెడ్డు ఏ రంగు మీదుంటే ఆ రంగు. మగ బొచ్చెలన్నీ పొద్దున లేచింది మొదలు ఆ గొట్టం కిందే ఉంటాయి. ఊళ్ళో మగాళ్ళకి టీకొట్టు ఎలాగో వీళ్ళకి గొట్టం అలాగ. తిండికి తిండి, వెచ్చదనానికి వెచ్చదనం, కబుర్లకి కబుర్లు. ఆడవాళ్ళు అటు రాకూడదు. ఎందుకు రాకూడదో ఎవరూ అడగలేదు. వస్తే ఆ కబుర్లు వినబడతాయి, అంతకన్నా కారణం లేదు.

అందరికీ నడిమధ్యన, నురగని నెత్తిమీద తురాయిలా పెట్టుకుని ఉండేవాడు సింహాద్రి. మడుగుకి పెద్ద, పోలిగాడికి స్వయానా అన్న. బొచ్చె జాతికి తల పెద్దదే గానీ సింహాద్రిది మరీ పెద్దది. "మా అన్నయ్య తల ముందొస్తుంది. అన్నయ్య తర్వాత తీరిగ్గా వస్తాడు," అనేవాడు పోలిగాడు, అన్న వినబడనంత దూరంలో ఉన్నప్పుడు.

మడుగులో అన్నీ బాగానే ఉన్నాయి. పిల్లలు లేరు, అదొక్కటే లోటు.

ఏటా వానలకి ఆడవాళ్ళు గడ్డి మునిగిన చోట చూసి గుడ్లు పెడుతూనే ఉన్నారు. ఆ గుడ్లు తెల్లగా పాలిపోయి, బూజు పట్టి, నీళ్ళలో కలిసిపోతున్నాయి. మొదట్లో అదృష్టం అనుకున్నారు. తర్వాత వాతావరణం అనుకున్నారు. ఆ తర్వాత వైద్యుణ్ణి పిలిచారు. ఒడ్డున దొరికే వైద్యుడు నక్క జంబయ్య ఒక్కడే.

"లోపం ఆడవాళ్ళదే," అని తేల్చాడు జంబయ్య, గొట్టం మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని.

"ఎలా తేల్చారండీ?" అడిగాడు సింహాద్రి.

"పరీక్ష చేశానుగా. కొందర్ని కట్ట దగ్గరికి రప్పించి పొట్ట నొక్కి చూశాను."

"గుడ్లు లేవా?"

"లేకేం! బ్రహ్మాండంగా ఉన్నాయి. నిండుగా, పసుప్పచ్చగా, కమ్మగా..." జంబయ్య నాలుకతో మూతి తుడుచుకున్నాడు. "కానీ ఆ గుడ్లలో వేడి లేదు. వేడి లేని గుడ్డు పిల్లవదు. ఇది శాస్త్రం."

పోలిగాడు నురగలోంచి తల పైకెత్తాడు. "పరీక్షకొచ్చిన వాళ్ళలో మా చిన్నత్త తిరిగి రాలేదు వైద్యుడుగారూ."

"కేసు సీరియస్ అయింది బాబూ. చేతులెత్తేశాను."

"ముందు నోరు తెరిచారేమో!"

"ఒరేయ్, నోర్ముయ్," అన్నాడు సింహాద్రి. "పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు."

పోలిగాడు మూసే రకం కాదు. "అది కాదన్నయ్యా, పొట్టలు మనకీ ఉన్నాయి కదా. నీకైతే ఇద్దరికి సరిపడా ఉంది. మరి మనల్ని నొక్కి చూడరేం?"

గొట్టం కింద నవ్వులు పేలాయి. సింహాద్రి కూడా నవ్వాడు. మగాళ్ళని పరీక్షించడమనేది ఆ మడుగులో అంత పెద్ద జోకు. పోలిగాడు కూడా దాన్ని జోకుగానే వదిలాడు.

"మగాడికి లోపమేమిటయ్యా!" అన్నాడు జంబయ్య, నవ్వు తగ్గాక. "ఇక వైద్యం వినండి. లోపమున్న ఆడవాళ్ళు కట్ట దిగి, పలచటి నీళ్ళలో కొన్నాళ్ళు ఎండకి పొట్ట కాచుకోవాలి. తొలి ఏరు పొంగినప్పుడు దిగడం సులువు. నేను పక్కనే ఉండి చూసుకుంటాను."

పొంగు తీశాక కట్ట కింద కుంటలు మిగులుతాయి. కుంటల్లో చిక్కిన చేప ఎటూ పోలేదు. ఈ ముక్క జంబయ్య చెప్పలేదు, గొట్టం కింద ఎవరికీ తట్టలేదు.

"మా ఇంట్లోంచే మొదలెడదాం," అన్నాడు సింహాద్రి గంభీరంగా. "తొలి ఏరు పొంగగానే నూకాలు కట్ట దిగుతుంది. అందరూ చూసి నేర్చుకుంటారు."

"ఆదర్శమంటే అదీ! నీకు దిగువనున్న ఇంకో మడుగు నుంచి వేరే సంబంధం నేనే చూస్తాను. తల పెద్దదైనా సర్దుకుపోయే పిల్ల."

పోలిగాడికి ఈసారి నవ్వు రాలేదు. నూకాలు అతనికి వదిన. అమ్మ లేని పోలిగాణ్ణి రెక్క కింద పెట్టుకుని పెంచింది ఆవిడే. పోనీ, రోజూ ఎదురు తిట్టడానికి ఆ మడుగులో ఇంకెవరున్నారు?

నూకాలు మడుగు అడుగున నాచు తీస్తోంది. పోలిగాడు చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు.

"వదినా, నీకు యాత్ర కుదిరింది."

"నీకు పెళ్ళి కుదరక నా మీద పడ్డావా? ఏం యాత్ర?"

"కట్ట కింద ఎండ కాచుకునే యాత్ర. నక్కగారు స్వయంగా దగ్గరుండి చూసుకుంటారట."

నూకాలు నాచు వదిలేసింది. 

"మీ అన్నయ్య ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోవడం కాదు, ఆయనే ముందు నీ పేరు చెప్పాడు."

"కట్ట దిగితే నేను మళ్ళీ రాను. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు."

పోలిగాడు ఏదో చమత్కారం ఆడబోయి మానుకున్నాడు.

ఒడ్డున నీళ్ళలో నడుముదాకా దిగి నెమరేస్తున్న గౌరమ్మ ఇదంతా విన్నది. గౌరమ్మకి తొందర అనేది తెలీదు. ఒక మాట అనాలంటే ఆ మాటని ముందు రెండుసార్లు నెమరేస్తుంది.

"ఇదిగో పిల్లా," అంది చివరికి. "నేను నీళ్ళు ఎక్కడ తాగుతానో చూశావా?"

"ఇరుకుబండకి పైన తాగుతావత్తా. అంత దూరం నడిచి. బద్ధకం లేదని మేం ఆశ్చర్యపోతుంటాం."

"బద్ధకం ఉంది. భయం అంతకన్నా ఎక్కువుంది. మా చెల్లెలు ఈ గొట్టం పక్కనే తాగేది. దానికి చూడి నిలవలేదు. ఒకసారి కాదు, కట్టిన ప్రతిసారీ అంతే. ఆ గొట్టంలో ఏమొస్తుందో తెలుసా? ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లలు వద్దని మింగిన మందులు, బట్టలుతికిన సబ్బులు, అద్దకం రంగులు, చేలల్లో పురుక్కి కొట్టిన మందు కడిగిన నీళ్ళు. అన్నీ కలిసి వస్తాయి. వెచ్చగా ఉంటాయి కాబట్టి మంచివనుకుంటారు."

"అందరం ఈ నీళ్ళలోనే ఉన్నాం కదత్తా," అన్నాడు పోలిగాడు.

"ఉన్నారు. బండ పైన మీ జాతివాళ్ళు కొంతమంది ఉన్నారు, తెలుసా? అక్కడ కాళ్ళు పెడితే పిల్ల చేపలు గుంపులు గుంపులుగా వచ్చి గిలిగింతలు పెడతాయి. పరువు పోయేలా ఎగరాల్సొస్తుంది నేను. ఇక్కడ ఎన్నాళ్ళుగా దిగుతున్నాను! ఒక్క గిలిగింత లేదు."

నూకాలు గౌరమ్మ కాళ్ళ చుట్టూ నెమ్మదిగా ఈదింది. ఆలోచన వస్తే ఆవిడ ఒక చోట ఉండలేదు.

"ఏరు ఒకటే, జాతి ఒకటే. బండ పైన పిల్లలున్నారు, బండ కింద లేరు. మధ్యలో ఉన్నది గొట్టం," అంది. "మేం ఆడవాళ్ళం మడుగు అడుగున ఉంటాం. మాకు ఆ నీళ్ళు తగలవని కాదు, కలిసి పలచబడి తగులుతాయి. చిక్కగా తాగేది ఎవరు?"

"గొట్టం కింద కూర్చున్నవాళ్ళు," అన్నాడు పోలిగాడు. అని, తనూ రోజూ కూర్చుంటాడని గుర్తొచ్చి, "కొంచెం పక్కగా కూర్చున్నవాళ్ళని వదిలెయ్యి," అని చేర్చాడు.

"మా పొట్టలు నక్క నొక్కాడు. గుడ్లు నిండుగా ఉన్నాయని ఆయనే చెప్పాడు. ఇక చూడాల్సింది మగాళ్ళనే. గుడ్ల కాలంలో మగాడి పొట్ట నొక్కితే తెల్లగా పాలు రావాలి. ఆ పాలు తగిలితేనే గుడ్డు పిల్లవుతుంది. వస్తున్నాయో లేదో ఎవరైనా చూశారా?"

"ఎవరు చూస్తారు వదినా! అన్నయ్య దగ్గరికెళ్ళి పొట్ట నొక్కుతానంటే ఒప్పుకుంటాడా?"

"అడిగితే ఒప్పుకోడు. పౌరుషం మీద కొడితే తనే వచ్చి నొక్కించుకుంటాడు."

మర్నాడు నూకాలు గొట్టం కిందికి వచ్చింది. మగాళ్ళంతా ఏదో పాము వచ్చినట్టు పక్కకి జరిగారు.

"ఇక్కడికొచ్చావేమిటి?" అన్నాడు సింహాద్రి.

"వెళ్ళేముందు ఒక్క మాట చెప్పి వెళ్దామని. కట్ట దిగమన్నారు, దిగుతాను. మీరు వేరే పెళ్ళి చేసుకోండి, కాదనను. కానీ తొలి ఏటికి మగాళ్ళు ఇరుకుబండ సందులోంచి ఎదురెక్కి చూపించాలనేది మీ తాతల నాటి ఆచారం. మీ నాన్నగారు ఎక్కారు, మీరు కూడా ఎక్కాకే నన్ను చేసుకున్నారు. గొట్టం వచ్చాక ఆ ఆచారం పోయింది. కొత్త పెళ్ళికొడుకు ఎక్కకపోతే దిగువ మడుగువాళ్ళు ఏమనుకుంటారు?"

"అనవసరం," అన్నాడు జంబయ్య చటుక్కున. నక్కకి వాసనలు త్వరగా తగుల్తాయి. "పాత చాదస్తాలు. వైద్యం ఆలస్యమవుతుంది."

పోలిగాడు అందుకున్నాడు. "వైద్యుడుగారు చెప్పింది నిజం వదినా. అన్నయ్యని వదిలెయ్యి. ఆ సందు ఎంత, అన్నయ్య తల ఎంత! ఇరుక్కుంటే గౌరమ్మత్త వచ్చి కొమ్ముతో లాగాలి. తమ్ముడిగా నాకు పరువు తక్కువ."

"ఏమన్నావురా?"

"ఏమీ అనలేదు. నీకు వయసైంది అన్నాను."

"నేను దూరలేనా?" సింహాద్రి నెత్తిమీద నురగ ఎగిరిపడింది. "నేనే కాదు, ఈ గొట్టం కింద ఉన్న ప్రతి మగాడూ దూరతాడు. తర్వాతే నూకాలు కట్ట దిగుతుంది. అయిపోయిందంతే."

జంబయ్య సర్దుకున్నాడు. ఏ పూట దొరికినా భోజనం భోజనమే కదా అనుకున్నాడు.

వాన పడింది. ఏరు ఎర్రగా వచ్చింది, మట్టలూ కొమ్మలూ దొర్లించుకుపోయింది. తొలి ఉరవడి తగ్గి నీళ్ళు తేటపడ్డాక అందరూ ఇరుకుబండ దగ్గర చేరారు. ఆడవాళ్ళు సందుకి కింద వరసగా నిలబడ్డారు. పైనుంచి ఏది వచ్చినా వాళ్ళ మొహం మీదుగానే పోవాలి. జంబయ్య ఒడ్డున రాయెక్కి కూర్చున్నాడు.

తీరా చూస్తే సందులో గౌరమ్మ పడుకుని ఉంది. ఒక రాతికి వీపు ఆనించింది. ఆవిడ డొక్కకీ రెండో రాతికీ మధ్య మిగిలింది చేప పట్టేంత దారి.

"లేవవమ్మా, దారికడ్డం," అన్నాడు సింహాద్రి.

"ఒళ్ళు నొప్పులు బాబూ. చల్లగా ఉందని పడుకున్నాను. మొనగాడికి ఈ దారి చాలదేం?"

చాలదని ఏ మొనగాడూ అనలేదు.

"చిన్నవాళ్ళు ముందు," అన్నాడు సింహాద్రి. మిగతావాళ్ళు ఎలా దూరతారో చూసి తను దూరదామని అతని లెక్క.

పోలిగాడు హుషారుగా ముందుకొచ్చాడు. ఇదంతా అన్న మీద వేసిన ఎత్తు కదా, తనకేం భయం! "వదినా, కళ్ళు మూసుకో. నా పాల ధారకి ఏరు పెరుగైపోతుంది," అని ఒక్క తోపు తోశాడు. తల దూరింది. పొట్ట దగ్గర నలిగింది. గౌరమ్మ ఊపిరి పీల్చేసరికి ఇంకా నలిగింది. ఏదో జారింది. అవతల తేలి, వెనక్కి తిరిగి, తన పొట్ట కిందనుంచి కొట్టుకుపోతున్నదేమిటో చూశాడు.

చూసిన మరుక్షణం తోకతో అడుగు బురదంతా రేపాడు.

"ఏరా, ఏమొచ్చింది?" కిందనుంచి నూకాలు అరిచింది. "బురద తప్ప ఏమీ కనబడలేదు!"

"తోక జారింది వదినా!"

అంతే అన్నాడు. ఇంకో మాట కలపలేదు. పోలిగాడు ఒక్క మాటతో ఆగడం గౌరమ్మ చూడటం అదే మొదటిసారి.

తర్వాత మిగతావాళ్ళు వరసగా దూరారు. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళకి బియ్యం కడిగిన నీళ్ళలా పలచగా ఏదో తెల్లగా వచ్చింది. చాలామందికి ఏమీ రాలేదు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. 

చివరికి సింహాద్రి. తల దగ్గరే ఒక పూట పట్టేలా ఉంది. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, తోక కొట్టాడు. గౌరమ్మ నిండా ఊపిరి పీల్చింది. సింహాద్రి పొట్ట రొట్టెలా అణిగింది. అతను అవతలికి ఎగిరిపడ్డాడు. ఇవతలికి నీళ్ళ మీద ఆవగింజల్లాంటి పసుప్పచ్చటి గింజలు బిలబిలమంటూ కొట్టుకొచ్చాయి. ఒకటి వచ్చి నూకాలు మూతికి అంటుకుంది.

ఆడవాళ్ళకి అవేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"గుడ్లు!" అంది ఒక ముసలామె. "మన పెద్దాయన పొట్టలో గుడ్లా!"

సింహాద్రి పైనుంచి చూశాడు. పెద్ద తలలో ఆలోచన ఒక మూలనుంచి ఇంకో మూలకి రావడానికి టైము పట్టింది గానీ వచ్చింది.

"మోసం! అవి నావి కావు. నూకాలివి! ముందే వచ్చి సందులో పెట్టి పోయింది. నన్ను అల్లరి చెయ్యడానికి!"

"నేను చూశాను!" అన్నాడు జంబయ్య రాయి మీదనుంచి, అడగకముందే. "పొద్దున్నే వచ్చింది. రెండు కళ్ళతో చూశాను."

మగాళ్ళకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఏమీ రాని వాళ్ళు అందరికంటే గట్టిగా అరిచారు. "మొగుడికి ఇంత అవమానమా!" "ఇప్పుడే దించెయ్యండి కట్ట!" ఏటి వాలున అందరూ సందులోంచి మడుగులోకి దూసుకొచ్చి నూకాల్ని చుట్టుముట్టారు. దిగడం సులువే, నీళ్ళు వీపున తోస్తాయి.

"నేను పెట్టానని చెప్పింది నక్క ఒక్కడే," అంది నూకాలు. "నక్క మాట మీద పెళ్ళాన్ని కట్ట దించుతారా?"

 తలలతో నెట్టడం మొదలెట్టారు. నూకాలు గొట్టం దాటింది. మడుగు నడుమ దాటింది. కట్ట మీదనుంచి నీళ్ళు జారే చప్పుడు దగ్గరైంది. ఒడ్డు వెంబడి జంబయ్య కూడా పరిగెడుతున్నాడు, డాక్టరుకి ఉండకూడనంత సంతోషంగా.

పోలిగాడు గుంపు వెనకాల ఈదుతున్నాడు. ఈపాటికి ఏదో ఒక మాట అని అందర్నీ నవ్వించి ఆపాలి. అదే అతని పని. ఎంత వెతికినా ఒక్క చమత్కారం దొరకలేదు. ఆపగలిగిన మాట ఒక్కటే ఉంది. అది చెబితే ఇక జన్మలో ఎవరినీ ఎగతాళి చెయ్యలేడు. గవ్వలేరు ఉన్నన్నాళ్ళూ అందరూ తననే చేస్తారు.

నూకాలు తోక కట్ట రాయికి తగిలింది.

"అన్నయ్యా, ఆగు," అన్నాడు పోలిగాడు. "అవి వదినవి కావు."

"నీకెలా తెలుసు?"

"నీకంటే ముందు నేను దూరాను కదా."

"అయితే?"

"నాకూ వచ్చాయి."

"ఏం వచ్చాయిరా? పాలేగా?"

పోలిగాడు అడుగున ఉన్న గులకరాళ్ళకేసి చూస్తూ చెప్పాడు. "కాదు. గుడ్లు. అందుకే బురద రేపాను. తోక జారలేదు."

నెట్టేవాళ్ళు నెట్టడం ఆపారు. ఒకడు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది, వాడికి తన పొట్ట గుర్తొచ్చి.

"అబద్ధం!" అన్నాడు జంబయ్య. "మరిదికి వదిన మీద అభిమానం. కాపాడ్డానికి చెప్తున్నాడు."

"అయితే చూసుకోండి," అన్నాడు పోలిగాడు. తాపీగా నడిచొచ్చిన గౌరమ్మ దగ్గరికెళ్ళి పక్కకి ఒరిగాడు. "అత్తా, నొక్కు. కొంచెం మెల్లిగా."

గౌరమ్మ మూతితో మెత్తగా నొక్కింది. అందరి కళ్ళ ముందు, తేట నీళ్ళలో, పసుప్పచ్చటి గింజలు కొన్ని రాలాయి. నూకాలు అప్పుడు దూరంగా కట్ట దగ్గరే ఉంది.

"నొప్పిగా ఉందా మరిదీ?" అంది.

"సిగ్గుగా ఉంది వదినా."

"ఆ సిగ్గు మాకు ఇన్నేళ్ళుగా ఉంది. అలవాటైపోతుందిలే."

"పెద్దాయనా," అంది గౌరమ్మ సింహాద్రితో. "నువ్వూ ఒరుగుతావా?"

సింహాద్రి ఒరగలేదు, కాదననూ లేదు. తల ఎంత పెద్దదైనా దించుకోవడానికి వీలవుతుందని ఆ రోజు తెలిసింది.

"నాకేమీ రాలేదు," అన్నాడు వెనకనుంచి ఒక నడివయసువాడు మెల్లిగా. "నాకూ అంతే," అన్నాడు ఇంకొకడు. ఇందాక ఎక్కువగా అరిచినవాళ్ళు వీళ్ళే.

గౌరమ్మ ఒడ్డుకేసి తిరిగింది. "మరి వైద్యుడుగారూ, గొట్టం నీళ్ళు తాగి లోపం వచ్చింది మగాళ్ళకేనని తేలింది. ఇప్పుడు వైద్యం ఏమిటి?"

జంబయ్య సింహాద్రిని తల నుంచి తోకదాకా చూశాడు. నూకాలికి రెండింతలున్నాడు. నోట్లో ఊరిన నీళ్ళు బుర్ర కంటే ముందు మాట్లాడాయి.

"ఏముంది, అదే వైద్యం. కట్ట దిగడమే. పెద్దాయన ముందు దిగితే ఆదర్శంగా ఉంటుంది."



"లోపం ఎవరిదైనా దిగాల్సింది నీ నోటి దగ్గరికేనా?" అన్నాడు సింహాద్రి.

జంబయ్య నోరు మూసుకున్నాడు గానీ ఆలస్యంగా మూసుకున్నాడు. గౌరమ్మ తోక విసిరిన బురద అతని మూతి మీద చెళ్ళున పడింది. అటుపైన గవ్వలేటి ఒడ్డున వైద్యుడెవరూ కనబడలేదు. తుప్పల్లో ఒక నక్క ఆకలికి ఊళపెట్టడం మాత్రం వినబడేది.

సందులో నీళ్ళున్నప్పుడే బొచ్చెలన్నీ ఇరుకుబండ దాటి పైకెళ్ళాయి. ఆడవాళ్ళు ముందు, మగాళ్ళు వెనక. ఈసారి గౌరమ్మ లేచి దారిచ్చింది. పైన ఉన్న జాతివాళ్ళు జరిగి చోటిచ్చారు. ఆ ఏడు గుడ్లు పెట్టారు. పిల్లలు కొద్దిగానే అయ్యారు, ఆ కొద్దిమందీ గౌరమ్మ కాళ్ళకి గిలిగింతలు పెట్టడానికి చాలారు. కొందరి పొట్టలు మంచినీళ్ళకి నెమ్మదిగా తేరుకున్నాయి. కొందరివి తేరుకోలేదు. కింద గొట్టం మాత్రం ఇప్పటికీ పారుతూనే ఉంది. దాన్ని మూయడం చేపల చేతిలో లేదు, వాటికి చేతులే లేవు. సింహాద్రి అప్పుడప్పుడూ ఆ నురగ వైపు చూసి నిట్టూరుస్తాడు, నూకాలు చూస్తే తల తిప్పుకుంటాడు.

నీతి: ఎదుటివాళ్ళలో లోపం వెతకబోయే ముందు ఎవరి పొట్ట వాళ్ళు నొక్కి చూసుకోవాలి.